ఫ్లోరెన్స్ విందులో మూడు మధ్యాహ్నాలు

ఉదయం ఏడున్నరకి రామబ్రహ్మం మాస్టారు ఖాళీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టడం, వంటింట్లోంచి శాంతమ్మ రెండో కాఫీ పట్టుకురావడం నరసరావుపేట ప్రకాశ్‌నగర్‌లోని ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి తప్పని సంగతి. బయట ఎండైనా వానైనా ఆ టక్కు మాత్రం ఆగదు. ఆ రోజూ ఆగలేదు. శాంతమ్మ కాఫీ తెచ్చింది. ఇచ్చి వెళ్ళిపోకుండా కొంగు నడుముకి దోపుకుని అక్కడే నిలబడింది.

"పప్పూ చారూ చేసి పెట్టా. మధ్యాహ్నం వడ్డించుకు తినండి."

"నువ్వెక్కడికి పోతన్నావ్?"

"లిఖిత హోటల్‌కి. భోజనానికి."

మాస్టారు పేపరు దించలేదు. దాని వెనకాల పేజీ తిరగడం మాత్రం ఆగిపోయింది.

"ఏమే, నేనేం చెప్పానో గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? ఆ గడప తొక్కనన్నారు. మీరు తొక్కనన్నారు. నన్ను తొక్కొద్దని అన్లేదుగా."

"మొగుడు పోనిచోటికి పెళ్ళాం పోతే ఊరు ఏమనుకుంటుందే?"

"అనుకోనీండి. ఊరేమన్నా నాకు అన్నం పెడతందా?" అని శాంతమ్మ తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆవిడకే తెలియదు.

అసలు గొడవేమిటో చెప్పాలి. లిఖిత వాళ్ళకి ఒక్కతే కూతురు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, బెంగళూరులో ఎనిమిదేళ్ళు పెద్ద పెద్ద చోట్ల పనిచేసి, పోయిన ఏడాది తిరిగొచ్చింది. వినుకొండ రోడ్డులో మూతబడిన పత్తి మిల్లు ఒకటి అద్దెకు తీసుకుని, దాన్ని అయిదారు వందల ఏళ్ళ కిందటి ఇటలీ విందుశాలలా తీర్చిదిద్దింది. పొడవాటి చెక్క బల్లలు, ఇనప దీపస్తంభాలు, గోడల నిండా కమానుల బొమ్మలు, అలంకారానికి వరసగా చెక్క పీపాలు, వడ్డించే పిల్లలకి వెల్వెట్ గౌన్లు. పేరు 'ఫ్లోరెన్స్ విందు'. అంతవరకూ బాగానే ఉంది. ఆ మిల్లుకే పక్కన వేరే గుమ్మంతో ఒక బీరు కౌంటరు కూడా పెట్టింది; దాని తలుపు ఒకటి హాల్లోకీ తెరుచుకుంటుంది. అక్కడొచ్చింది తంటా.

మాస్టారు ముప్పై మూడేళ్ళు సోషల్ చెప్పి, ఈపూరు హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఇప్పుడు పింఛనుదారుల సంఘానికి అధ్యక్షుడు. "సాంస్కృతిక పునరుజ్జీవనమని నేను పాఠం చెప్తే, నువ్వు దాని పేరు చెప్పి బీరమ్ముతావా?" అని కూతురి మీద ఒంటికాలి మీద లేచాడు. తెరిచిన రోజు పోలేదు. తర్వాతా పోలేదు. నలభై రోజులైంది. లిఖిత మిల్లు మీది గదిలోనే ఉంటూ, తండ్రి ఇంట్లో లేని వేళ చూసుకుని వచ్చి తల్లిని పలకరించి పోతోంది.

ముందురోజు సాయంత్రం లిఖిత ఫోన్ చేసింది. "నాన్నే రాకపోతే ఊళ్ళో ఆడవాళ్ళు ఎట్టా వస్తారమ్మా? పిల్లల్ని తీసుకుని ఎవరూ రావట్లా. బీరు కౌంటరుకి మాత్రం మగాళ్ళు వస్తన్నారు. నేను పెట్టింది దానికా? నెలాఖరుదాకా చూసి మూసేస్తా. మళ్ళీ బెంగళూరు పోతా," అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే శాంతమ్మ ఓదార్చి ఊరుకునేదేమో. కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పేసరికి శాంతమ్మ ఫోను పెట్టేసి అక్కడే కూర్చుండిపోయింది. ఈ మనిషిని తీసుకెళ్ళి ఆ బల్ల ముందు కూర్చోబెట్టాలి, బిడ్డను ఊళ్ళో నిలబెట్టాలి, అప్పటిదాకా ఊరుకునేది లేదని అప్పుడే అనుకుంది.

శాంతమ్మ ఒకసారి అనుకుందంటే అంతే. మెత్తటి మనిషే గానీ, మెత్తటి మనుషుల పంతం మహా గట్టిది.

తోడుకి పక్కింటి కరీమున్నీసా బయల్దేరింది. ఆ సందులో పాతికేళ్ళుగా కుట్టు మిషను తొక్కుతున్న మనిషి. ఆ వెల్వెట్ గౌన్లన్నీ ఆవిడ చేతి మీదుగా తయారైనవే.

"నా గౌన్లు ఎట్టా నడుస్తన్నయ్యో చూడాలి, పద వదినా," అంది ఆటో ఎక్కుతూ.

లోపల చల్లగా ఉంది. మిట్టమధ్యాహ్నం కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఎర్ర గౌను వేసుకున్న సుప్రజ అనే పిల్ల ఎదురొచ్చి, వంగి నమస్కారం పెట్టబోయి, కుచ్చిళ్ళు తొక్కుకుని తూలింది.

"కొలతలిచ్చిన రోజు ఎత్తు చెప్పులేసుకొచ్చావు కదే! అందుకే రెండంగుళాలు ఎక్కువొచ్చింది. ఇప్పుడు నా కుట్టుకి చెడ్డపేరు," అని కరీమున్నీసా కూర్చోకముందే గుండుసూది తీసి అంచు మడిచింది.

"ఇక్కడ స్పూన్లు, ఫోర్కులు ఇవ్వమండి. పాతకాలపు విందు కాబట్టి అతిథులు చేత్తోనే తినాలండి," అని సుప్రజ నేర్చుకున్న పాఠం అప్పజెప్పింది.

"ఓసి నీ తస్సాదియ్యా! దీనికి ఇటలీ దాకా పోవాలా? మా ఇంట్లో ఏ కాలమైనా చేత్తోనే," అంది కరీమున్నీసా.

పళ్ళానికి బదులు మందపాటి రొట్టె, దాని మీద కాల్చిన కోడి, గుమ్మడికాయ ముక్కలు వచ్చాయి. వంటింట్లోంచి లిఖిత చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "చికెన్ మన జమీర్ కొట్టుదే అత్తా, హలాలే, తినండి," అంది. తల్లిని చూసిన కళ్ళల్లో ఆశ మెరిసి, గుమ్మం దాకా పోయి, అక్కడ తండ్రి కనపడక వెనక్కొచ్చింది. అది శాంతమ్మ చూసింది.

"ఏం తాగుతావమ్మా?"

"ఈ రాజుల దగ్గర మజ్జిగ దొరుకుద్దా?"

లిఖిత స్వయంగా చిలికి, అల్లం, కరివేపాకు వేసి, పిడి ఉన్న పెద్ద చెక్క లోటాలో పోసి తెచ్చింది. ఒక గుక్క తాగేసరికి శాంతమ్మ పై పెదవి మీద నురగ మీసంలా అంటుకుంది. కరీమున్నీసా విరగబడి నవ్వింది. శాంతమ్మ కూడా లోటా పైకెత్తి నవ్వింది. నవ్వుతూనే హాలంతా చూసింది. రెండు బల్లల దగ్గర కాలేజీ కుర్రాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఒక్క ఆడమనిషి లేదు, ఒక్క చంటిపిల్ల లేదు. లోటా బల్ల మీద పెట్టేసింది.

సాయంత్రం అయిదింటికి మాస్టారు ఫోను తెచ్చి ఆవిడ ముఖం ముందు పెట్టాడు.

"ఇదేంది?"

సంఘం వాట్సాప్ గ్రూపులో ఫొటో. శాంతమ్మ లోటా ఎత్తి పగలబడి నవ్వుతోంది. పెదవి మీద నురగ. వెనకాల వరసగా పీపాలు. కింద కార్యదర్శి రవి కుమార్ రాత: 'మన అధ్యక్షుల వారి శ్రీమతి గారు. చీర్స్!' దాని కింద బారులు తీరిన నవ్వు బొమ్మలు.

"బానే పడ్డానే," అంది శాంతమ్మ.

"నవ్వులాటగా ఉందా నీకు? నువ్వు తాగే మనిషివి కాదని నాకు తెలీదా? ఊరికి తెలియాలి కదా! ఏందది, మజ్జిగా, షర్బత్తా? చెప్పు, గ్రూపులో పెడతా."

జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఆయన జేబులోంచి కాగితం తీశాడు. మాస్టారు ఏదైనా ముందు కాగితం మీద రాసుకునే మనిషి. గొంతు సవరించుకుని చదివాడు.

"'సభ్యులందరికీ నమస్కారం. నా భార్య సేవించినది బీరు కాదు.' ఇక్కడ ఖాళీ వదిలా, నువ్వు చెప్తే నింపుతా. 'సదరు వ్యాపారంతో నాకు గానీ, నా కుటుంబానికి గానీ ఎటువంటి సంబంధమూ లేదు.' చాలా?"

"ఆ ఆఖరి ముక్క మళ్ళీ చదవండి."

ఆయన మళ్ళీ చదివాడు. ఈసారి గొంతు కాస్త తగ్గింది.

"సంబంధం లేదా? కన్న బిడ్డతో సంబంధం లేదా నాకు?"

"బిడ్డతో అన్లేదే! వ్యాపారంతో."

"ఆ వ్యాపారం చేసేదెవరు, గోడలా?" అంది శాంతమ్మ. "నేను చెప్పనండీ."

"ఏంది చెప్పనిది?"

"ఏం తాగానో చెప్పను. మా ఆవిడ తాగింది ఫలానా మంచిదేనని మీరు చాటింపు వేస్తే నేను ఒడ్డున పడతా. మరి మన పిల్ల? అక్కడ ఉన్నదంతా పాడుదే, నేనొక్కదాన్నే మంచిదాన్నని నా నోటితో చెప్పినట్టేగా? నా పరువు కోసం నా కూతురి పరువు తీస్తానా?"

"పిచ్చిగానీ పట్టిందా?"

"పట్టిందనుకోండి. రేపూ పోతా, ఎల్లుండీ పోతా. నేనేం తాగుతన్నానో తెలుసుకోవాలని ఉంటే వచ్చి నా పక్కన కూర్చుని చూడండి. అట్టా కాదు, మాకు సంబంధం లేదని పెడతానంటే పెట్టుకోండి. అందులో నా పేరు మాత్రం కలపమాకండి. నాకుంది సంబంధం."

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముట్టించింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆయనకి ఎదురు చెప్పింది చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. భయం వేసింది, ఏడుపొచ్చింది. పంతం మాత్రం పోలేదు.

మర్నాడు మాస్టారు గోడ మీదుగా కరీమున్నీసాని ఆరా తీశాడు. "అన్నయ్యా, నేను తాగింది నిమ్మకాయ సోడా. కావాలంటే నాది గ్రూపులో పెట్టుకో. వదినది వదిన్నే అడుగు," అని ఆవిడ మిషను మీదికి వంగింది. మధ్యాహ్నం ఇంట్లో ఆయన ఒంటరిగా పప్పూ అన్నం తిన్నాడు. ఆ కాగితం మాత్రం గ్రూపులో పెట్టలేదు. అది శాంతమ్మ గమనించింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే ఆటోలో వెళ్ళింది. అంత పెద్ద బల్ల దగ్గర ఒక్కతే కూర్చుంది. ఫొటో సంగతి అప్పటికే లిఖితకి తెలిసిపోయింది.

"నా మూలాన మీరిద్దరూ గొడవపడొద్దమ్మా. నేను పోతాలే. నాకు బెంగళూరు కొత్తేం కాదు."

"నోర్ముయ్యి. పోవటానికా ఇంత కష్టపడి పెట్టుకుంది? నువ్వు పోతే, రామబ్రహ్మం కూతురు తప్పు చేసి పారిపోయిందంటారు. తప్పు చేశావా?"

"లేదు."

"అయితే వడ్డించు. ఆకలేస్తంది," అంది శాంతమ్మ. నిజానికి ఆకలి లేదు. అయినా రొట్టె ముక్క కూడా వదలకుండా తిన్నది.

మూడోరోజు ఇంకా మొదటి ముద్ద నోట్లో పెట్టుకోలేదు, గుమ్మంలో మాస్టారు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్ర పెన్ను, ముఖం నిండా కోపం. రాజుల కాలం నాటి కుర్చీల మధ్యలోంచి స్కూలు తనిఖీకి వచ్చినట్టు నడుచుకుంటూ వచ్చి భార్య ముందు నిలబడ్డాడు.

"లే. ఇంటికి పోదాం. రవి కుమార్ ఇంటికొచ్చి మరీ అడిగి పోయాడు. నేనింక తల ఎత్తుకోలేను."

"అన్నం ముందు కూర్చున్నదాన్ని లెమ్మనే మనిషి కాదు మీరు. కూర్చోండి."

"నేను కూర్చోను."

"అయితే నిలబడండి. నేను తిని వస్తా."

ఏం చెయ్యాలో తోచక మాస్టారు అటూ ఇటూ చూశాడు. రొట్టెల పళ్ళెం పట్టుకుని సుప్రజ అక్కడే ఉంది. ఆయన్ని చూసి పళ్ళెం బల్ల మీద పెట్టేసి, చేతులు కట్టుకుని నిలబడింది. క్లాసులో నిలబడ్డట్టే.

"నువ్వు... ఈపూరు పిల్లవి కదూ? టెన్త్ బి సెక్షను."

"అవును సార్. సుప్రజని." ఆ పిల్ల ఒక్క క్షణం తటపటాయించింది. "సార్, మీరొచ్చారు గాబట్టి అడగొచ్చా? రేపట్నుంచి పనికి పోవద్దంటన్నాడు మా నాన్న. ఇప్పటికే ఇద్దరమ్మాయిలు మానేశారు. ఇక్కడ చెడ్డ పని ఏదీ లేదు నాన్నా అంటే నమ్మట్లేదు. 'మాస్టారే సొంత కూతురి హోటలు గడప తొక్కలేదంటే అక్కడేదో ఉండే ఉంటది, ఆయనకి తెలీకుండా ఉంటదా' అంటన్నాడు. ఇక్కడ ఏముంది సార్? మీరెందుకు రాలేదు?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తను ఎవరినీ ఏమీ అనలేదు. ఎక్కడా ఒక్క మాట చెడుగా చెప్పలేదు. ఊరికే రాకుండా ఉన్నాడు, అంతే. ఊరు మాత్రం దాన్ని తీర్పుగా తీసుకుంది. ముప్పై మూడేళ్ళు నిజాయితీగా బతికి సంపాదించుకున్న మాట విలువ కన్నకూతురి మీదే దెబ్బగా పడిందని ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది.

"విన్నారుగా," అంది శాంతమ్మ నెమ్మదిగా. "నెలాఖరుకి మూసేసి బెంగళూరు పోతదంట. మీ కోపానికి కాదు. మీరు రాలేదని."

మాస్టారు కుర్చీ లాగి కూర్చున్నాడు.

వంటింటి గుమ్మంలో లిఖిత నిలబడి ఉంది. నడుముకి గుడ్డ, చేతిలో గరిటె. ముందుకి రావాలో లోపలికి పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది. తండ్రి ఆమె వైపు చూడకుండానే, "మెనూ ఉందా?" అన్నాడు.

అట్ట తెచ్చి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కో వరసా చదివాడు. మూడో వరస దగ్గర ఆగాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి దాని చుట్టూ సున్నా చుట్టాడు.

"ఇదేంది? 'పద్నాలుగు వందల యాభై నాటి ప్రభువుల కోడి, ఎర్ర మిరప కారంతో'. పద్నాలుగు వందల యాభైలో యూరప్‌కి మిరపకాయ ఎక్కడిదమ్మా? మిరపకాయ పుట్టిన అమెరికాకి కొలంబస్ పోయిందే పద్నాలుగు వందల తొంభై రెండులో. అంతెందుకు, అప్పటికి మన పల్నాడులోనే మిరపకాయ లేదు."

"మిరపకాయ లేకుండా మన పల్నాడోళ్ళు ఎట్టా బతికారండీ?" అంది శాంతమ్మ నిజంగానే ఆశ్చర్యపోయి.

"మిరియాలతో."

"తెలుసు నాన్నా," అంది లిఖిత. "మొదటివారం మిరియాలతోనే పెట్టా. ఒక్కళ్ళు తిన్లా. చప్పగా ఉందని మొత్తం వెనక్కి పంపారు. ఈ ఊళ్ళో కారం లేకుండా ఏ రాజు పెట్టినా తినరు నాన్నా."

మాస్టారి మీసం కింద నవ్వు కదిలింది. "అయితే వంట మార్చమాక, సంవత్సరం మార్చు. పదహారు వందలని వెయ్యి." అంటూ సరిచేసి, కింద పొట్టి సంతకం కూడా పెట్టాడు. తర్వాత పెన్ను మూసి కూతురి ముఖంలోకి చూశాడు. "నేను చానా తప్పు చేశానమ్మా. చూడకుండా మార్కులేశా. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ పిల్లకీ అట్టా చెయ్యలేదు. ఏదీ, పెట్టు. తింటా."

రొట్టె వచ్చింది, కోడి వచ్చింది, లోటాలో మజ్జిగ వచ్చింది. మాస్టారు ఒక గుక్క తాగి భార్య వైపు చూశాడు. ఆవిడ ఏమీ ఎరగనట్టు గుమ్మడికాయ ముక్క తుంచుకుంది.

"ఈ ఒక్క ముక్క చెప్తే పోయేదానికి మూడు రోజులు నన్ను పప్పుతో చంపావు కదే."

"చెప్తే మీరు వచ్చేవాళ్ళా?"

ఆయన జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. రవి కుమార్. కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఎడంచేత్తో స్పీకరు నొక్కాడు.

"మాస్టారూ, వివరణ పెడతానన్నారు, అందరూ ఎదురుచూస్తన్నారు. ఇంతకీ మేడంగారు తాగింది ఏందంటా?"

శాంతమ్మ తుంచిన ముక్క చేతిలోనే పట్టుకుని ఆయన వైపు చూసింది. ఇప్పుడు మజ్జిగ అనేస్తే ఆయన పరువు దక్కుతుంది. ఒక్క మాట చాలు.

"అది మేం చెప్పమండీ," అన్నాడు మాస్టారు. "మీ ఆవిడని తీసుకుని రండి, పక్కపక్కన కూర్చుని అడగండి. ఫొటో మాత్రం బాగా తీశారు. నేనిప్పుడు ఇక్కడే కూర్చుని చూస్తన్నా. ఆ వైపు నుంచి తీయాలంటే బీరు కౌంటరు తలుపు దగ్గర నిలబడాలే. అంతసేపు అక్కడ మీకేం పనండీ?"

అవతల దగ్గు వినపడింది, ఫోను కట్టయిపోయింది. కరీమున్నీసా లేకపోయిందే, ఉంటే ఎంత నవ్వేదో అనుకుంది శాంతమ్మ.

మాస్టారు నవ్వలేదు. "సుప్రజా, మీ నాన్నకి ఫోన్ కలుపు," అన్నాడు.

ఆ పిల్ల కలిపి ఆయన ముందు పెట్టింది.

"నమస్కారమండీ. నేను రామబ్రహ్మాన్ని, ఈపూరు హైస్కూలు."

"అయ్యా, మాస్టారూ!" అవతల మనిషి లేచి నిలబడ్డాడని గొంతులోనే తెలుస్తోంది.

"నేను నా కూతురి హోటల్లో కూర్చుని అన్నం తింటన్నానండీ. మా ఆవిడ నా పక్కనే ఉంది. ఇన్నాళ్ళూ రాకపోవటం నా బుద్ధి తక్కువ, నా బిడ్డ తప్పేం లేదు. రేపు కూడా ఇక్కడే తింటా. మీ పిల్లని పంపండి. ఆదివారం మీరూ, మీ ఇంటావిడా కూడా రండి."

"మీరు తినే చోటికి పంపక ఏం చేస్తానండీ," అన్నాడాయన.

లిఖిత చేతిలోని గరిటె బల్ల మీద పెట్టేసి, తండ్రి భుజానికి ముఖం ఆనించి, నలభై రోజుల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. ఆయన ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టుకుని ఎడంచేత్తో ఆమె తల నిమిరాడు. మూడు రోజులుగా బిగబట్టిన శాంతమ్మకి కూడా కట్ట తెగింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూనే, "బెంగళూరు టిక్కెట్టు తీశావటే?" అని అడిగింది.

లిఖిత తల ఎత్తకుండానే లేదన్నట్టు ఊపింది.

"తియ్యమాక," అన్నాడు మాస్టారు. "ఎక్కడికీ పోమాకమ్మా."